నీళ్ళాయన గీసిన పటం

నీళ్ళాయన అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా లేదు. పళ్ళు రాని పిల్లల నుంచి పళ్ళూడిన పెద్దల దాకా అందరికీ ఆయన నీళ్ళాయనే. చివరికి కట్టుకున్న భార్య కూడా పక్కింటావిడతో, "మా నీళ్ళాయన ఇంకా రాలేదు వదినా" అంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పని ఒక్కటే. తెల్లవారి ఐదింటికి మంచినీళ్ళ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, వీధి వీధికీ తిరిగి, రోడ్డు కింద గుంటల్లో ఉన్న వాల్వులు తిప్పి ఊరికి నీళ్ళు వదలడం. చేతిలో నడుము ఎత్తు ఇనప తాళం ఉంటుంది. గుంట మూత తీసి, తాళాన్ని లోపలికి దించి, వాల్వు తలకి తగిలించి తిప్పాలి. ఏ వీధికి ఎన్ని చుట్లో ఆయనకి నోటికొచ్చు. బ్యాంకు వీధికి ఆరు, లారీల షెడ్డు వీధికి తొమ్మిదిన్నర, ఆస్పత్రి వీధికి పద్నాలుగు.

"ఆ అర చుట్టు ఎందుకయ్యా, తొమ్మిదో పదో తిప్పక?" అని ఎవరైనా అడిగితే కస్సుమనేవాడు.

"ఆ అర తిప్పకపోతే మేడ మీద ముసలమ్మకి ఎక్కదు. ఒకటి తిప్పితే కింద వాళ్ళ దొడ్డి చెరువవుతుంది. మీరొచ్చి తిప్పండి, తెలుస్తుంది."

నోరు అలాంటిదే కానీ మనిషి మంచివాడు. నీళ్ళు రాని ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిన రోజు లేదు. ఇంటావిడ తిడుతుంటే నిలబడి వినేవాడు, వింటూనే ఇనప చువ్వ ఒకటి కొళాయి గొట్టానికి ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, లోపల గాలి అడ్డుపడిందో, మట్టి అడ్డుపడిందో చెప్పేవాడు. తిట్లు ఒక చెవికి, గొట్టం రెండో చెవికి.

అలాంటి మనిషికి రిటైర్మెంట్ ఇంకా మూడు వారాలుందనగా ఆఫీసులో కంగారు మొదలైంది. ఊళ్ళో నూట పద్నాలుగు వాల్వులున్నాయి. వాటిలో సగం మీద ఎప్పటికప్పుడు కొత్త రోడ్లు పడి మూతలు మట్టిలో కలిసిపోయాయి. ఏది ఎక్కడుందో తెలిసిన బుర్ర ఒక్కటే, ఆ బుర్ర మూడు వారాల్లో ఇంటికి పోతోంది. ఆఫీసు గోడ మీద పాతకాలం నాటి నీలం రంగు పటం ఒకటి ఉంది కానీ, దాన్ని చూస్తేనే నీళ్ళాయనకి ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో ఎవరికీ చెప్పలేదు.

కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ ఆయన్ని పిలిచి కుర్చీ వేసింది. వయసులో చిన్నది, మర్యాద తెలిసిన పిల్ల.

"బాబాయ్ గారూ, మీకు తెలిసిన వాల్వులన్నీ ఒక పటం గీసివ్వాలి. మేము దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తాం."

"నాకు గీయడం ఏం వచ్చమ్మా? తిప్పడం వచ్చు."

"ఎలా వస్తే అలా గీయండి. మీరు వెళ్ళిపోయాక మేం ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?"

ఆ మాటకి ఆయన మెత్తబడ్డాడు. ఇంటికెళ్ళి పాత క్యాలెండర్లు దించి, వెనక్కి తిప్పి, నేల మీద పరుచుకుని మొదలుపెట్టాడు. వారం రోజులు గీశాడు. భార్య అన్నం కంచం తెచ్చి పెట్టడానికి గదిలో జాగా లేకుండా చేశాడు. ఆరు కాగితాలు ఒకదానికొకటి అతికించాడు. చివరలో ఇంకో వీధి మిగిలిపోతే, ఏడో కాగితం తెచ్చి ఒక మూలకి తగిలించాడు.

ఆ ఏడో కాగితం మీద ఉన్నది వాళ్ళ అక్క ఉండే వీధి.

దాని గురించి ఇప్పుడే చెప్పుకోవాలి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఈ ట్యాంకు ఇంకా కడుతూనే ఉన్నారు. అక్కా బావా అద్దె ఇంట్లో ఉంటూ, ఉన్నంతలో ఒక చిన్న ఇల్లు కొనుక్కుందామని వెతుకుతున్నారు. రెండిళ్ళు చూశారు. ఒకటి అక్క పనిచేసే ప్రెస్సు దగ్గర, రెండోది ట్యాంకు వెనక వీధిలో. తమ్ముడు ఆఫీసుకెళ్ళి గోడ మీద నీలం పటం చూశాడు. ట్యాంకు బొమ్మకీ ఆ వీధికీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాడు. సరిగ్గా రెండు వేళ్ళు. ఇరవై ఆరేళ్ళ వయసు, ఆఫీసువాడినన్న గర్వం ఒకటి.

"కళ్ళు మూసుకుని ట్యాంకు వెనకది కొనుక్కో అక్కా. ట్యాంకు మన పెరట్లో ఉన్నట్టే. ఊరంతా ఎండిపోయినా నీ కొళాయి ఎండదు. పూచీ నాది."

అక్క నమ్మింది. తమ్ముడు నీళ్ళ ఆఫీసులో ఉన్నాడు, వాడికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

ఏడాది తర్వాత ట్యాంకు నిండింది. మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు ఆయన పెద్ద ఫిట్టరు వెంట వాల్వు వాల్వుకీ తిరిగాడు. ట్యాంకు వెనక ఇద్దరు మనుషుల ఎత్తు బండ ఉంది. అంత దగ్గర్లో బండ పేలిస్తే కొత్త ట్యాంకుకి దెబ్బని గొట్టం అటు వేయలేదు. ముందు వైపు వేశారు. అది పెద్ద రోడ్డు పట్టుకుని, బజారు దాటి, ఆస్పత్రి దాటి, బడి దాటి, ఊరంతా చుట్టి, అందరి దాహాలూ తీర్చి, ఆఖరికి వెనక నుంచి వచ్చి ఆ వీధిలో చేరింది. ఐదింటికి బయల్దేరిన నీళ్ళు అక్క కొళాయికి వచ్చేసరికి ఏడూ ఇరవై. అదీ వేలి లావు కూడా లేని ధార, ఇరవై ఐదు నిమిషాలు. ట్యాంకుకి మొదటి ఇల్లు అనుకున్నది ఊరికి ఆఖరి ఇల్లయింది. మనిషి బండ మీది మెట్లెక్కి దిగితే ట్యాంకు నుంచి నాలుగు నిమిషాలు.

అక్కకి ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని. ఏడింటికల్లా ఉండాలి. నీళ్ళ కోసం ఆగితే పని పోతుంది, పనికెళితే ఇంట్లో చుక్క నీరుండదు. రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చి, మానేసింది. కాగితాలు ఇంటికి తెచ్చుకుని నోటు పుస్తకాలు కుట్టుకోవడం మొదలుపెట్టింది. బావ పోయాడు. కూతురు అత్తవారింటికి వెళ్ళింది. అక్క మాత్రం రోజూ ఆరున్నరకే బిందెలు వరసగా పెట్టుకుని గడప మెట్టు మీద కూర్చుంటుంది. ఎందుకంత ముందంటే, ఏ రోజైనా పది నిమిషాలు ముందొచ్చి ముందే ఆగిపోతుందేమోనని. తమ్ముడు పని ముగించుకుని అక్కడికే చేరేవాడు. ఒక గ్లాసు నీళ్ళు తాగి, రెండు బిందెలు లోపల పెట్టి ఇంటికెళ్ళేవాడు.

ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా, "నువ్వు చెప్పబట్టే కదరా ఈ ఇల్లు కొన్నాం" అనలేదు. అని ఉంటే బాగుండేది. అనకపోవడమే ఆయనకి చెప్పులో రాయిలా ఉండిపోయింది.

ఇక పటం సంగతి. నీళ్ళాయన కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. రెండు బల్లలు కలిపితే గానీ అది పరవడానికి చాలలేదు. అందులో ఉత్తరం లేదు, దక్షిణం లేదు. ట్యాంకు పైన ఎడమ మూల ఉంది. నీళ్ళు జోరుగా ఉండే వీధులు అరచెయ్యంత వెడల్పుగా, నీళ్ళు ఈడ్చుకుంటూ వచ్చే వీధులు దారప్పోగుల్లా ఉన్నాయి. నిజానికి ఊళ్ళో అన్నిటికంటే ఇరుకు సందు అందులో రాజమార్గంలా ఉంది. వీధి పక్కన పొడవు రాయలేదు, నిమిషాలు రాశాడు. వాల్వు దగ్గర చుట్లు రాశాడు. ఒక చోట "ఇక్కడ గొట్టం గొణుగుతుంది, భయపడొద్దు" అని ఉంది. ఇంకో చోట "కుక్క ఉంది, మంచిదే" అని ఉంది.

పెద్ద ఇంజినీరు గారు తన గదిలోంచి బయటికొచ్చి చూశారు. లావాటి మనిషి, హాస్యప్రియుడు, పదవిలో ఉన్నవాళ్ళ హాస్యం ఎలా ఉంటుందో అలా.

"ఏమయ్యా, ఇది ఊరి పటమా, ఊరి పేగులా?"

అందరూ నవ్వారు. నీళ్ళాయన నవ్వలేదు.

"పేగులే సార్. అవి సరిగ్గా ఉంటేనే కదా మనిషి నవ్వేది."

ఇంజినీరమ్మ మాత్రం ఆ కాగితాల్ని జాగ్రత్తగా తీసుకెళ్ళి కంప్యూటర్ కుర్రాడికిచ్చింది. అతను రెండు రోజులు తల పట్టుకుని, వీధుల్ని అసలు పటం మీదికి సర్ది, వాల్వుల్ని చుక్కలుగా పెట్టాడు. పరీక్షకి బజారు వీధిలో పూడిపోయిన వాల్వు ఒకటి తవ్వి చూద్దామనుకున్నారు. నీళ్ళాయన కాగితం మీద "బట్టల కొట్టు ఎదురుగా, ఎడమ పక్క, రెండడుగులు" అని ఉంది. ఎడమ పక్క తవ్వారు. లేదు. ఇంకొంచెం తవ్వారు. లేదు. రోడ్డు దున్నిన పొలంలా అయింది. కొట్ల వాళ్ళంతా బయటికొచ్చి ఇంజినీరమ్మ మీద ఒంటికాలి మీద లేచారు. ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. కబురు పంపితే నీళ్ళాయన వచ్చాడు.

"ఎడమ అని రాశారు కదా బాబాయ్ గారూ?"

"ఎడమేనమ్మా. నీళ్ళకి ఎడమ."

"అంటే?"

"నీళ్ళు అటు నుంచి కదా వచ్చేది. మీరేమో ఇటు నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఇలా రండి. అదిగో, ఆ మలుపు దగ్గర నుంచి నీళ్ళతో పాటు నడవండి. ఇప్పుడు చెప్పండి, ఎడమేది?"

ఇంజినీరమ్మ పది అడుగులు నడిచి, ఆగి, చెయ్యెత్తి చూపించి, ఏడుపు మొహంతోనే నవ్వేసింది. ఆ పక్కన జానెడు లోతు తవ్వగానే ఇనప మూత ఖంగుమంది. కంప్యూటర్లో పెట్టిన చుక్కల్లో సగం రోడ్డుకి అవతలి పక్క ఉన్నాయని అప్పటికి అర్థమైంది.

ఆ మర్నాటి నుంచి ఆవిడే తెల్లవారి ఐదింటికి ట్యాంకు దగ్గరకి రావడం మొదలుపెట్టింది. బూట్లేసుకుని, చేతిలో పుస్తకం పెట్టుకుని ఆయన వెంట తిరిగింది. ఎక్కడ నీళ్ళు పరిగెత్తుతాయో, ఎక్కడ కూలబడతాయో ఒక్కొక్కటే పట్టుబడింది. ఆ దారప్పోగులూ, ఆ అరచేతి వీధులూ ఇప్పుడామెకి బొమ్మల్లా కాక నిజంగా కనిపించాయి. నాలుగో రోజు ఆఖరి వాల్వు దాకా వెళ్ళింది. ఏడూ ఇరవైకి, ఏడో కాగితం మీద ఉన్న వీధిలో నిలబడి, మెడ నొప్పిగా ఉంటే తల పైకెత్తింది. ఎదురుగా ఆకాశం లేదు. ట్యాంకు ఉంది. దాని నీడ వీధంతా పరుచుకుని ఉంది.

"ఇదేంటి బాబాయ్ గారూ, మళ్ళీ మొదటికొచ్చామా?"

"కాదమ్మా, ఆఖరికొచ్చాం. ఊళ్ళో ఇంతకంటే దూరం లేదు."

ఇంజినీరమ్మ మొహం పాలిపోయింది. దానికో కారణం ఉంది. ఆఫీసులో కొత్త పథకం ఒకటి నడుస్తోంది. చివరి వీధులకి ట్యాంకు నుంచి నేరుగా కొత్త గొట్టం వేస్తారు. ఏవి చివరి వీధులో తేల్చింది ఆవిడే. గోడ మీది పటం తీసుకుని, వృత్తలేఖిని సూది ట్యాంకు మీద గుచ్చి, గుండ్రంగా గీత గీసి, గీత బయట ఉన్న వీధులన్నీ జాబితాలో రాసింది. ఈ వీధి సూది గుచ్చిన చోటికి గోరంత దూరంలో ఉంది. పైగా ఇక్కడి నుంచి ఏళ్ళ తరబడి వచ్చిన అర్జీల మీద ప్రతిసారీ ఎవరో ఒక అధికారి, "ట్యాంకు పక్కనే ఉన్నారు, ఫిర్యాదు నమ్మదగినది కాదు" అని రాసి పడేశారు. ఆమె కూడా ఒకదాని మీద రాసింది.

"జాబితా వెళ్ళిపోతుందా అమ్మా?" అన్నాడు నీళ్ళాయన.

"పదిహేను రోజుల్లో. పెద్దసారు సంతకం అయితే మళ్ళీ కదలదు. ఇంకో పదేళ్ళకి గానీ ఇలాంటి పథకం రాదు."

ఆ మాటలు జరుగుతున్నప్పుడు అక్క నాలుగిళ్ళ అవతల గడప మెట్టు మీదే ఉంది. తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు ఇటు చూడకుండా నిలబడడమూ చూసింది. ఎందుకో పసిగట్టి, తనూ మొహం తిప్పుకుని బిందె సర్దుకుంది. తన అక్క ఉండే వీధని తెలిస్తే, సొంతవాళ్ళ కోసం పటం పెంచి గీశాడంటారని ఆయన భయం. ఆ రోజు గ్లాసు నీళ్ళు తాగకుండానే ఇంటికెళ్ళాడు. రోజంతా మనసు మనసులో లేదు. పని చేసినంత కాలం నీళ్ళ కోసం ఎవరి ముందూ చేయి చాచని మనిషి, ఇప్పుడు దొంగలా అక్కని దాటుకు రావాల్సి వచ్చింది.

ఇంజినీరమ్మ వెళ్ళి పెద్ద ఇంజినీరు గారికి చెప్పింది. ఆయన స్కేలు తీసి పటం మీద పెట్టారు.

"ఎంతుందమ్మా?"

"రెండు సెంటీమీటర్లు సార్."

"రెండు సెంటీమీటర్ల దూరానికి కొత్త గొట్టం కావాలని రాస్తే పైవాళ్ళు నన్ను చూసి నవ్వరూ?"

"నీళ్ళ దారిలో చూస్తే అదే ఆఖరిది సార్. ఆయన పటంలో..."

"ఆ పేగుల పటమా? దాని మీద కుక్కల సంగతులు కూడా ఉన్నాయి కదా." ఆయన స్కేలు సొరుగులో పడేశారు. "ముప్పై ఏళ్ళు నీళ్ళు తిప్పినంత మాత్రాన కొలతలు మారిపోవమ్మా."

ఇంజినీరమ్మ ఊరుకోలేదు. రెండు రోజులు వదలకుండా అడిగింది. మూడో రోజు నీళ్ళాయనే గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. చేతిలో తాళం గోడకి ఆనించి అన్నాడు:

"సార్, ఎల్లుండి నా ఆఖరి రోజు. ఒక్కసారి నాతో రండి. ట్యాంకు దగ్గర నుంచి నీళ్ళతో పాటు నడవండి, అంతే. నడిచాక నాది తప్పంటే, ఆ కాగితాలు మీ ఎదురుగానే చింపేస్తాను."

పెద్ద ఇంజినీరు గారు ఒక నిమిషం ఆలోచించారు. ఆ కాగితాల మీద జాలి ఏమీ కలగలేదు ఆయనకి. పొద్దున్నే గంటసేపు నడవకపోతే మోకాళ్ళు మీ మాట వినవని డాక్టరు ఆర్నెల్లుగా పోరుతున్నాడు. అదీ గాక రిటైరయ్యేవాడి ఆఖరి కోరిక. సరే అన్నారు.

చెప్పిన రోజున చెప్పిన వేళకి వచ్చారు. తెల్లటి బూట్లు, మెడలో తువ్వాలు. నీళ్ళాయన మొదటి వాల్వు తిప్పాడు. నేల కింద ఏదో పెద్ద జంతువు ఒళ్ళు విరుచుకున్నట్టు చప్పుడైంది.

"బయల్దేరింది సార్. పదండి."

మొదటి అరగంట పెద్ద ఇంజినీరు గారు జోకులు వేశారు. రెండో అరగంట చెమట తుడుచుకున్నారు. నీళ్ళాయన ఒక్కో గుంట దగ్గర ఆగి, మూత లేపి, చుట్లు లెక్కపెట్టి, ముందు వీధి బిందెలు నిండేదాకా ఆగి, దాన్ని సగం కట్టి, తర్వాతి వీధి తెరిచేవాడు. నీళ్ళు ఆగినచోట వాళ్ళూ ఆగాలి. ఆస్పత్రి దాటారు. బడి దాటారు. ఒక గుడ్డి సందులో పావుగంట నిలబడ్డారు.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"ఇంకో యాభై నిమిషాలు సార్. ఇక్కడ మిట్ట. నీళ్ళకి కూడా ఆయాసం వస్తుంది."

ఏడూ పదికి ఆఖరి మలుపు తిరిగేసరికి పెద్ద ఇంజినీరు గారి తలప్రాణం తోకకొచ్చింది. కనబడిన మొదటి గడప మెట్టు మీద కూలబడ్డారు. ఆ మెట్టు మీద అప్పటికే ఒక పెద్దావిడ బిందెలతో కూర్చుని ఉంది. జరిగి చోటిచ్చింది. ఇన్ని గుమ్మాలుండగా ఆయన కూర్చున్నది అక్క మెట్టు మీదే.

"అమ్మా, కాసిని మంచినీళ్ళివ్వండి."

"ఇంకో పది నిమిషాలాగండి బాబూ. వచ్చేస్తాయి." అంటూనే ఆయన మొహం చూసి లేచింది. లోపల్నుంచి గ్లాసు తెచ్చింది. అది ముప్పావు మాత్రమే ఉంది. "నిన్నటివి. ఏమనుకోకండి. అడుగునున్నవి ఇవే."

ఆయన గటగటా తాగేశారు. తాగుతూ తల వెనక్కి వాల్చినప్పుడు కనబడింది ట్యాంకు. ఇక్కడి నుంచి దాని గోడ మీది తుప్పు మరకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆయన గ్లాసు దించి, చేతి గడియారం చూసుకున్నారు, మళ్ళీ ట్యాంకుని చూశారు.

"ఎంతకాలంగా ఉంటున్నారమ్మా ఇక్కడ?"

"ముప్పై నాలుగేళ్ళు బాబూ."

"నీళ్ళు రావని తెలిసి ఇక్కడెందుకు కొన్నారు?"

నీళ్ళాయన ఇనప తాళం మీద చెయ్యి బిగించాడు. అక్క తమ్ముడి వైపు చూడనైనా చూడలేదు.

"మా ఆయనే చూశాడు బాబూ. ట్యాంకు దగ్గరే కదా అని. మగాళ్ళ తొందర మీకు తెలియంది కాదు."

పోయిన మనిషి నెత్తిన పెట్టేసింది, తమ్ముణ్ణి కాపాడడానికి. అది నీళ్ళాయన తట్టుకోలేకపోయాడు. ఎవరేమనుకుంటారో, పథకం ఏమవుతుందో, ఆ లెక్కలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"కాదు సార్. మా బావ ఏ పాపం ఎరగడు. నేనే కొనిపించాను. ఈవిడ మా అక్క. గోడ మీద మీ నీలం పటం చూసి, రెండు వేళ్ళే కదా అని, అరచేతిలో వైకుంఠం చూపించాను. అక్క పని పోయింది. బావ ఆఖరి జబ్బులో పక్క దుప్పట్లు ఉతకడానికి కూడా రెండు వీధుల అవతల నుంచి మోసుకొచ్చింది. అన్నీ చూస్తూ రోజూ ఈ దారినే నడిచాను." అక్క వైపు తిరిగాడు. "అక్కా, నన్ను తిట్టవే ఒక్కసారి. నీకు పుణ్యముంటుంది."

"ఊరుకోరా. ఆఫీసర్ల ముందు ఏంటా మాటలు," అంది అక్క. కానీ ఆవిడ కళ్ళు కూడా తడిశాయి.

పెద్ద ఇంజినీరు గారి మొహం మారింది. "అదన్నమాట సంగతి. మీ అక్క వీధి కాబట్టి ఏడో కాగితం అతికించావు."

ఇంజినీరమ్మ ఏదో అనబోయింది. ఈలోగా కొళాయి తుమ్మింది, గాలి బుస్సుమంది. ఆ తర్వాత సన్నగా, వంకరగా, దారమంత ధార బిందెలో పడింది. వీధిలో అన్ని ఇళ్ళ ముందూ ఒకేసారి బిందెలు చప్పుడయ్యాయి. ఎవరూ వాళ్ళని పట్టించుకోలేదు. ఎవరి ధార వాళ్ళు చూసుకున్నారు. పెద్ద ఇంజినీరు గారు మెట్టు మీద నుంచి లేవలేదు. గడియారం వైపూ, ధార వైపూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు. మొదటి బిందె నిండడానికి ఆరు నిమిషాలు పట్టింది. నాలుగో బిందె సగంలో ఉండగా ధార బొట్లు బొట్లయి ఆగిపోయింది.

"రోజూ ఇంతేనా?"

"ఇవాళ కాస్త మెరుగు బాబూ," అంది అక్క.

ఆయన మెల్లగా లేచి, బండ మీది మెట్ల దాకా నడిచారు. అవి ఎక్కి దిగితే తెల్లవారి వాళ్ళు బయల్దేరిన చోటు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి నీళ్ళాయనతో అన్నారు:

"నేనూ ఆ పటమే చూశానయ్యా. నువ్వు ఒక్కసారి చూసి మోసపోయావు. నేను ఇరవై ఏళ్ళు చూశాను."

ఆ మధ్యాహ్నం జాబితాలో చివరి వీధుల వరసలో పైన ఒక వీధి పేరు చేరింది. ఎదురుగా, దూరం అనే గడిలో, కిలోమీటర్లు రాయాల్సిన చోట ఇంజినీరమ్మ "రెండు గంటల ఇరవై నిమిషాలు" అని రాసింది. పెద్ద ఇంజినీరు గారు దాన్ని కొట్టేయకుండా సంతకం పెట్టారు. సాయంత్రం నీళ్ళాయనకి దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఇంటికి పంపించారు.

గొట్టం పడడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు బండని పేల్చక్కర్లేకుండా మెత్తగా తొలిచే యంత్రాలున్నాయి. మొదటి రోజు వీధంతా గుమిగూడింది. నీళ్ళాయన కూడా వెళ్ళాడు, జనంలో వెనకాల నిలబడ్డాడు. ఐదూ పదికే కొళాయిలు పొంగిపొర్లాయి. అక్క తడిసిన చీరతో అటూ ఇటూ తిరుగుతోంది. తమ్ముడితో మాట్లాడే తీరికే లేదు. ఆయన చూసి, తృప్తిగా ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత తన కూతురి పురిటికని భార్యతో పాటు ఆ పిల్ల ఊరికి వెళ్ళి, మూడు వారాలు అక్కడే ఉండిపోయాడు.

తిరిగొచ్చిన మర్నాడు పాత అలవాటున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. చేతిలో తాళం లేదు, చేయడానికి పని లేదు. ఊరంతా ఒక చుట్టు తిరిగాడు, నీళ్ళ దారినే. ఏడూ ఇరవైకి కాళ్ళు వాటంతట అవే అక్క వీధికి తీసుకొచ్చాయి. మెట్టు ఖాళీగా ఉంది. బిందెలు లేవు. తలుపు వేసి ఉంది.

ఈ ముప్పై నాలుగేళ్ళలో, ఈ వేళకి ఆ తలుపు వేసి ఉండగా ఆయన చూడలేదు. బావ పోయిన మర్నాడు కూడా తెరిచే ఉంది, అక్క మెట్టు మీదే ఉంది. అరవై ఏడేళ్ళ మనిషి, ఒంటరిది. గబగబా వెళ్ళి కిటికీ రెక్క నెట్టి లోపలికి తొంగిచూశాడు.

బిందెలన్నీ నిండుగా, మూతలు పెట్టి, గోడ వార వరసగా ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. అక్క మంచం మీద అడ్డదిడ్డంగా, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, నోరు తెరిచి గుర్రుపెట్టి నిద్రపోతోంది. చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకున్నప్పుడు కూడా ఇలాగే గురక పెట్టేది. పొద్దెక్కాక అక్క నిద్రపోవడం ఆయన పెద్దయ్యాక చూసింది ఇదే మొదటిసారి.

ఆయన కిటికీ రెక్క చప్పుడు కాకుండా దగ్గరకి వేసి, మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. పక్కింటావిడ తడి జుట్టు విదిలించుకుంటూ బయటికొచ్చి, ఆయన్ని చూసి ఆగింది.

"అయ్యో అన్నయ్యా, ఎప్పుడొచ్చారు? ఐదున్నరకే నీళ్ళు పట్టేసుకుని మళ్ళీ పడుకుంటోంది ఈ మధ్య. ఎనిమిదైనా లేవట్లేదు. లేపనా?"

"వద్దమ్మా," అన్నాడు నీళ్ళాయన. "పడుకోనీ. నేను కూర్చుంటాను."